తిరిగి రాని ఫంక్షను

సోహార్ రేవుకి ఉత్తరాన
సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటులో
నా ఉద్యోగం ఒక ఇనప డబ్బా లోపల.
డబ్బాలో అరచేతంత బోర్డు,
బోర్డు మీద సి భాషతో కట్టిన ఇల్లు,
ఆ ఇంట్లో అద్దెకున్న చిన్న స్క్రిప్టు ఇంజిను.
క్లోరిన్ ఎంత, ఎప్పుడు, ఏ వాల్వు,
అన్నీ ఆ అద్దెవాడే చెబుతాడు.
ఇల్లుగలాయన వింటాడు.

అద్దెవాడు నోరు జారితే పట్టుకోడానికి
గుమ్మానికి వల కట్టి ఉంటుంది.
వలలో పడ్డ తప్పు, తప్పు కాదు, కబురు.
రాసుకుంటాం, మళ్లీ పిలుస్తాం.
వల లేని చోట జారితే మాత్రం
ఇంజిను ఒకే ఒక్క ఫంక్షన్ని పిలుస్తుంది,
ఆఖరిసారి.
దాని పేరు పానిక్.

నాకు ముందు పనిచేసినాయన పేరు కోడులో ఇంకా ఉంది:
పి. శేషాచలపతి, ఆరేళ్ల కిందటి తారీఖు.
ఆయన పానిక్‌లో ఉన్నది ఒక్క గంతు,
వెనక్కి, లూపు మొదటికి,
ఏమీ జరగనట్టు.
పక్కన కామెంటు: ప్లాంటు ఎప్పుడూ ఆగదు.

నిజమే, ఆగలేదు.
ఇన్‌టేక్ జల్లెడకి జెల్లీచేపలు అడ్డంపడి
సెన్సారు మూగపోయిన రాత్రి కూడా ఆగలేదు.
తెరిచిన వాల్వు సగంలో,
రాస్తున్న పట్టిక సగంలో,
మొన్నటి అంకెని ఇవాళ్టిదనుకుంటూ
మూడు రాత్రులు నడిచింది.
స్క్రీను మీద అన్నీ ఆకుపచ్చ.

కనిపెట్టింది నేను కాదు.
భీంగల్ లింబాద్రి, పైపుల ఫిట్టరు,
క్యాంపులో మొకం కడుక్కుని
ఎర్రబడ్డ కండ్లతో నాలుగింటికే వచ్చాడు.
"మేడం, నీళ్లు మంటవెడుతున్నయ్.
మీ డబ్బ మంచిగనే ఉన్నా అంటున్నదా?"
అంటోంది, అన్నాను.
"అయితే దానికే పానం బాగలేదు."

షిఫ్టు చూసే ఖల్ఫాన్ చేతులు అడ్డంగా ఊపాడు.
జూలైలో ఆపడమా?
ట్యాంకులో ఆరు గంటల నీళ్లున్నాయి, అన్నాను,
నాకు రెండు సెకండ్లు చాలు.

రాశాను.
మొదట వాల్వు మూత,
స్క్రిప్టుని అడక్కుండా నేరుగా రిలే కాలు లాగేసి.
తర్వాత ఆఖరి మాట.
మెమరీ అయిపోయిందని చెప్పడానిక్కూడా
కాస్త మెమరీ కావాలి గదా,
అందుకని బోర్డు మేలుకోగానే
రెండొందల యాభై ఆరు బైట్లు కొంగున ముడేశాను.
ఎంత కరువొచ్చినా విప్పకూడని ముడి.
ఫ్లాషులో ఒక్క వాక్యం రాసేటంత.

ఆపైన ఏమీ చెయ్యకపోవడం.
కాపలా కుక్కకి మేత వెయ్యకపోవడం.
అది సెకండున్నర చూస్తుంది, తర్వాత కరుస్తుంది.
కరవాలి. పెంచుకున్నదే అందుకు.

ఆ ఏమీ చెయ్యకపోవడం దగ్గరే చెయ్యి ఆగలేదు.
మూడుసార్లు నా వేళ్లు రిటర్న్ అని కొట్టాయి.
ఇక్కడ క్యాంటీన్లో అందరి నోటా అదే మాట,
రిటర్న్ టికెట్టు కంపెనీదా, మనదా అని.
చెరిపేశాను.
ఇది తిరిగి రాదు.
పిలిచిన చోటే కూలిపోయాక
ఎక్కడికని వస్తుంది?

రాత్రి, లేని సెన్సారుని అడిగే వరుసొకటి పెట్టి
మేమే చంపాం.
టక్కుమని వాల్వు పడింది. దీపం ఆరింది.
లింబాద్రి టార్చి డబ్బా మీదికి వేశాడు.
"సచ్చిందా?"
చచ్చింది.
"మల్ల లేస్తదా?"
అనేలోపే లేచింది,
పట్టికలేవీ లేకుండా, ఖాళీగా,
ప్రతి సెన్సారునీ పేరుపేరునా అడుక్కుంటూ.
"గిది గదేనా?"
కాదు. అదైతే
అన్నీ తెలుసనుకునేది.

ఫ్లాషులో మిగిలిన వాక్యం పైకి చదివాను:
వరుస రెండొందల పన్నెండు.
ఇన్‌టేక్ ప్రవాహం, సున్న కాదు, లేదు.
సున్నకీ లేకపోవడానికీ ఏం ఫరక్ అన్నాడు.
చెప్పబోయాను.
అప్పటికే నల్లా తిప్పి
దోసిట్లో నీళ్లు పట్టి
వాసన చూస్తున్నాడు.